నువ్వు మాకేటవుతావు?

కుర్చీలు గుండ్రంగా వెయ్యాలనీ, అన్నీ ఒకే ఎత్తున ఉండాలనీ, మధ్యలో బల్ల ఉండకూడదనీ మీ పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఒకరి ముఖం ఒకరికి కనపడాలని కూడా రాసి ఉంటుంది. ఆ చివరి మాట గురించే నాకు తెలిసింది కొంత ఉంది. మానసిక వ్యాధుల వార్డులో పని నేర్చుకుంటున్న మీరంతా నన్ను పిలిచి, "ఆ రోజుల్లో గ్రూప్ థెరపీ ఎలా చేసేవారు మేడమ్?" అని అడిగినప్పుడు పద్ధతులేవో చెప్పి, మీరిచ్చిన టీ తాగి వచ్చేశాను. చెప్పవలసింది చెప్పలేదు. నలుగురిలో అలాంటివి చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీద అయితే ఎవరి ముఖమూ చూడనక్కరలేదు.

ముందు మా ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎక్కువ చెప్పుకోవడం మాకు అలవాటు లేదు.

విజయనగరం దాటాక ఒకప్పుడు మాకొక ఎస్టేటు ఉండేది. మా ఇంటిని ఊళ్ళో దివాణం అనేవారు. ఎస్టేట్లు రద్దయ్యాక భూములు పోయాయి. తరవాత పల్లకీ పోయింది. తరవాత తలుపులకున్న ఇత్తడి గుబ్బలు, ఆ తరవాత తలుపులే పోయాయి. మిగిలింది నిటారుగా కూర్చోవడం ఒక్కటే. నలుగురి ఎదుట కూర్చున్నప్పుడు కుర్చీకి వీపు ఆనించకూడదని మా నాయనమ్మగారు నేర్పారు. మా ఇంట్లో వరసలకి కూడా 'గారు' తగిలించే పిలుచుకునేవాళ్ళం. మా వైపు అక్కని అప్ప అంటారు; నా తమ్ముడు నన్ను 'అప్పయ్యగారూ' అనేవాడు. నేను వాణ్ణి 'తమ్ముడుగారూ' అనేదాన్ని. ఆడవాళ్ళు ఘోషా పాటించేవారు. దివాన్జీతో పనిబడినా తెర వెనక నుంచే మాట్లాడాలి. అలాంటి ఇంట్లో పుట్టి నేను నర్సునవుతానన్నాను. పరాయివాళ్ళ ఒళ్ళు తుడిచే పనికి మా ఇంట్లో పేరు కూడా లేదు. ఆ తరవాత నన్నెవరూ రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు. పిలవని గడప మేము తొక్కం.

డెబ్బైల్లో జంషెడ్‌పూర్ వచ్చి చేరాను. మా వార్డు ఆస్పత్రి ఆవరణలో ఓ చివర, విడిగా ఉండేది. ఊళ్ళో అందరూ దాన్ని పాగల్ వార్డు అనేవారు. ఆటోవాళ్ళు కూడా దాని గేటు దాకా రాకుండా మలుపు దగ్గరే దింపేసేవారు. మాత్రలు, ఇంజెక్షన్లు, కొందరికి కరెంటు పెట్టడం, ఇదీ అప్పటి వైద్యం. రోగితో మాట్లాడుతూ కూర్చున్న నర్సుని చూస్తే పెద్ద సిస్టర్లు 'పని లేదా?' అనేవారు.

దశాబ్దం చివర్లో మాకొక కొత్త డాక్టరు వచ్చారు. బెంగాలీ యువకుడు. మాట కూడా మందేనని నమ్మినవాడు. రోగుల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకొనేలా చెయ్యాలన్నది ఆయన పట్టుదల. హిందీ గుంపు ఒకటి మొదలుపెట్టారు. అది బాగానే నడిచింది. ఉక్కు కంపెనీలో, రైల్వేలో పనికి వచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్ళు మాత్రం అందులో కూర్చుని గోడలు చూసేవారు. హిందీలో ఫోర్‌మన్ మాట వినగలరు, కూరలు బేరమాడగలరు, అవసరమైతే తిట్టగలరు. కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికి మాత్రం ఆ హిందీ చాలేది కాదు. అది గమనించి డాక్టరు, "తెలుగు గుంపు మీరు నడపండి సిస్టర్. నేను కూర్చుని ముఖాలు చూస్తాను. మాటలు తరవాత మీరు నాకు చెప్పండి" అన్నారు.

అలా ఒక బుధవారం మధ్యాహ్నం వరండాలో కుర్చీలు వేశాం. నియమాలు నేను చదివాను. ఇక్కడి మాట బయటకి పోకూడదు. ఒకరి మాటకి ఒకరు అడ్డం రాకూడదు. ఇంకొకటి, నేనే పట్టుబట్టి చేర్చింది: బయట బజారులో కనబడితే మనం ఎవరికి ఎవరమూ కాము. పాగల్ వార్డు సిస్టర్ పలకరించిందని తెలిస్తే ఆ మనిషి మర్నాటి నుంచి బస్తీలో తలెత్తుకోలేడు. కాబట్టి మీరు పలకరిస్తే తప్ప నేను పలకను, మీరు పలకరించకపోయినా ఏమీ అనుకోను.

చదవడం అయ్యింది. ముందుగా ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. టెక్కలి వైపు మనిషి. కంపెనీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. తాగుడు మాన్పించమని కొడుకులు తీసుకొచ్చి చేర్చారు.

"అందర్నీ ఇలగ గుండ్రంగా కూకోబెట్టినారు. బంతి బోయినాలేటి సిస్టరమ్మా? ఇస్తరాకులెయ్యరేటి?"

అందరూ నవ్వారు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆయన అక్కడితో ఆగలేదు. "తవరిదే ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను. అంతే, దిగ్గున లేచాడు.

"ఓలమ్మ! ఆ దివానం ఆడబిడ్డా తవరు? మా తాత తవరికాడ పాలికాపండి!" అంటూ కుర్చీ వదిలి నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

డాక్టరు కంగారుపడ్డారు. "దాదా, ఊపర్ బైఠియే."

"నహీ సాబ్. ఇన్‌కా బరాబర్ మే హమ్ నహీ బైఠేగా." నాతో సమానంగా కూర్చోడట.

డాక్టరు నావైపు చూశారు. "ఇది దివాణం కాదు. లేచి కుర్చీలో కూర్చో" అన్నాను. అన్న గొంతు మాత్రం అచ్చం దివాణం గొంతే. ఆయన మారుమాట లేకుండా లేచి కుర్చీలో కూర్చున్నాడు. సమానంగా కూర్చోవడం కూడా మేము ఆజ్ఞాపిస్తేనే జరిగిందన్నమాట. లోలోపల నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

తరవాతి వారాల్లో మన మనుషులు మాత్రమే చెయ్యగలిగిన పని ఒకటి వాళ్ళు చేశారు. వరసలు కలుపుకున్నారు. మీదే ఊరు, మీ ఇంటిపేరేటి, మీ అమ్మ ఎవులింటి ఆడపడుసు, ఇలా కదుపుతూ కదుపుతూ ముసలాయన చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ బంధువుల్ని చేసేశాడు. కాసిడీహ్ అనే బస్తీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆయనకి కోడలి వరస తేలింది. ఆ పిల్ల రెండో కాన్పు తరవాత బిడ్డని తాకడం మానేసింది. ఎందుకో చెప్పదు. రోలింగ్ మిల్లులో పనిచేసే ఒకతను అందరికీ బావమరిది అయ్యాడు. వరండా పెళ్ళివారి విడిదిలా కళకళలాడింది. 'మనుషులు విచ్చుకున్నారు డాక్టర్' అని చెప్పాను. ఆయనా సంతోషించారు.

మేమిద్దరం పొరబడ్డాం. సందడి పెరిగిందే కాని అసలు మాట ఒక్కటీ రాలేదు. కాసిడీహ్ అమ్మాయి అంతకుముందు కనీసం కళ్ళెత్తి చూసేది. మామగారు అయ్యాక ఆ ముసలాయన వస్తే లేచి నిలబడుతోంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. మామగారి ఎదుట కోడలు తన కడుపులో బాధ ఎలా చెప్పుకుంటుంది?

ఇక ఆ గుంపులో నేను ఎవరి కోసం ఎదురుచూశానో అతని సంగతి. టాటానగర్ రైల్వే యార్డులో పాయింట్స్‌మన్. బళ్ళ పెట్టెలు ఒకదానికొకటి తగిలించే చోట పని. పలాస దగ్గర ఊరు. యార్డులో ప్రమాదం జరిగి అతని బావమరిది చనిపోయాడు. ఆ మర్నాటి నుంచి ఇతను మాట మానేశాడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. భార్య రోజూ జుగ్సలాయి అవతలి రైల్వే క్వార్టరు నుంచి నడిచి వచ్చి, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని వార్డు మెట్ల మీద కూర్చునేది. ఆమెని చూడగానే అతను గోడవైపు తిరిగిపోయేవాడు. చనిపోయినవాడు ఆమె తమ్ముడు. మాకు తెలిసింది అంతే.

ఒక బుధవారం రోలింగ్ మిల్లు అతను సరదాగా, "ఏటి బావా, మాటాడవేటి? మా అప్ప నీ నోరు కుట్టేసినాదేటి?" అన్నాడు. పాయింట్స్‌మన్ కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజూ మర్నాడూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

డాక్టరు నన్ను కూర్చోబెట్టి ఈ వరసలంటే ఏమిటో చెప్పమన్నారు. బావ అంటే హాస్యమాడవచ్చు, మామ అంటే తగ్గి ఉండాలి, అని చెప్తూ పోయాను. ఆయన తల పట్టుకున్నారు. "అయితే ఇది గుంపు కాదు సిస్టర్, కుటుంబం. కుటుంబంలో చెప్పుకోలేకే కదా వీళ్ళు ఇక్కడికి వచ్చింది!" ఇక మీదట వరసలు వద్దు, పేర్లు పెట్టి పిలుచుకోవాలి అన్నారు. నాకూ సబబనిపించింది. అదీ పొరబాటే. ఆ నియమం పెట్టిన రోజు వరండాలో గాలి కూడా ఆడలేదు.

"పేరెట్టి పిలిత్తే కోరట్లో పిలిసినట్టుంటాది సిస్టరమ్మా. వరస నేకపోతే మాటెలాగొత్తాది?" అన్నాడు ముసలాయన. తరవాత నన్ను ఎగాదిగా చూసి, "అవునుగాని, అందరికీ కలిపినాం. తవరొక్కలే మిగిలిపోనారు. తవరు మాకేటవుతారు?"

"నేను సిస్టర్ని."

"అదుజ్జోగం కదమ్మా. వరసేటని అడుగుతన్నాను."

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఊరంతా నన్ను సిస్టర్ అనే పిలిచింది. ఆయన అడిగేదాకా అది వరస కాదన్న సంగతి నాకు తట్టలేదు.

"మరి ఆ కుర్సీకి ఈపెందుకెట్టినారో? ఎప్పుడూ ఆనుకోరు. నడుం నొప్పెట్టదేటి?" అని కూడా అన్నాడు. కుర్చీ సర్దుకుని ఇంకా నిటారుగా కూర్చున్నాను.

ఆ వారంలోనే డాక్టరు నన్ను గదిలోకి పిలిచారు. పాయింట్స్‌మన్ బరువు పడిపోతోంది. రైల్వేవాళ్ళు పరీక్షకి పిలవబోతున్నారు. మాట రాని మనిషిని యార్డులోకి పంపరు. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. "వచ్చే వారానికి మార్పు లేకపోతే రాంచీ పంపించేస్తాను సిస్టర్. ఇక్కడ నేను చెయ్యగలిగింది అయిపోయింది." రాంచీ అంటే ఆ రోజుల్లో మా వైపు ఊరి పేరు కాదు, పిచ్చాసుపత్రి పేరు. అక్కడికి వెళ్ళిన మనిషి తిరిగి రాడని ఇంటివాళ్ళు మనసులో తిలోదకాలు వదిలేసేవారు.

గది లోంచి వచ్చేసరికి మెట్ల మీద అతని భార్య. ఎవరో చెప్పేసినట్టున్నారు.

"అమ్మగోరూ, ఆయనకి నామీద కోపవేటండి? మా తమ్ముడు పోయినకాడినుండి నా మొకం సూడ్డు. నానేటి తప్పు సేసినానో ఒక్కపాలి సెప్పమనండి. రాంచీ తోలీకముందు సెప్పమనండి."

క్యారియరు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ పూటా అతను తినలేదు.

ఆ తరవాతి బుధవారం మామూలుగానే కుర్చీలు గుండ్రంగా వేశాం. కాసిడీహ్ అమ్మాయి పెదవులు అదురుతున్నాయి. ఏదో చెప్పాలనుకుంటోందని తెలుస్తోంది. ఆమె దగ్గరికి వంగాను.

"మాంగోరు సూత్తంటే ఎలాగమ్మా?" అంది చెవిలో. పేర్ల నియమం పెట్టినా ఆ పిల్లకి ఆయన మామగారే.

ముసలాయన చెవులు కొలిమి రొదలో పాడయ్యాయని అనుకునేవాళ్ళం. బాగానే వినబడినట్టుంది. లేచాడు. కుర్చీని ఎత్తి, గోడవైపు తిప్పి వేసుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇదిగో, నాను గోడని సూత్తన్నాను. నానిక్కడ లేనట్టే. సెప్పుకోయే తల్లీ."

ఆ పిల్ల ఆ వీపుకేసి కాసేపు చూసింది. తరవాత, తలుపు చాటు నుంచి మాట్లాడినట్టు, సన్నగా మొదలుపెట్టింది. "గుంటనెత్తుకుంటే సేతిలోంచి జారవిడిసీత్తానేటోనని బయం. నాకు తెలీకుండా నానే ఒగ్గీత్తానేటోనని. అందుకే ముట్టుకోను. దానికేటన్నా అయితే..."

"మీ అత్తా అలగే ఉండీది, పెద్దోడు పుట్టినప్పుడు" అన్నాడు ముసలాయన గోడతో. "ఎవులికీ సెప్పనేదు. నాకు పోయీముందు సెప్పినాది."

నేను ఆ వీపు చూస్తూ మా దివాణంలోకి వెళ్ళిపోయాను. ఎదురెదురుగా కూర్చుంటే మా ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకున్నది లేదు. గారూ, గారూ అనుకుని లేచిపోయేవాళ్ళం. కాని తెర వేసి ఉన్నప్పుడు ఆ వెనక మా అత్తయ్యలు, పిన్నులు ఎంతెంత మాటలు మాట్లాడేవారు! కోపం, ఏడుపు, ఒక్కోసారి ముసలి దివాన్జీని చడామడా తిట్టడం, అన్నీ తెర ఇవతలికి వచ్చేవి. తెర తీస్తే నోళ్ళు మూతబడేవి. ఆ తెరని తప్పించుకునే కదా నేను పారిపోయి వచ్చాను.

లేచి నిలబడ్డాను. "అందరం అటు తిరుగుదాం. కుర్చీలు దగ్గరికి లాక్కోండి. వీపులు లోపలికి, ముఖాలు బయటికి."

డాక్టరు అయోమయంగా, "ముఖాలు కనబడకపోతే నేనేం చూడను, సిస్టర్?" అన్నారు.

"వినండి, డాక్టర్."

"నాకు తెలుగు రాదు కదా!"

"అయినా వినండి."

మంచి మనిషి. ఒక్క క్షణం ఆలోచించి తన కుర్చీ కూడా తిప్పుకున్నారు. నేర్చుకున్నదంతా తిరగేయడానికి ఒప్పుకున్న డాక్టర్లని తరవాత నేను ఎక్కువమందిని చూడలేదు. పాయింట్స్‌మన్‌ని భుజం పట్టుకుని లేపి, కుర్చీ నేనే తిప్పి కూర్చోబెట్టాను. నా కుర్చీ దాని వెనక పడింది. రెండు కుర్చీల వీపులూ తగిలాయి.

వరండాలో ఎవరికీ ఎవరూ కనబడరు. ఒకరికి గోడ, ఒకరికి నీళ్ళ కుళాయి, నాకు గేటు. ఫ్యాక్టరీ భోంపు, అదే సైరను, మోగింది, షిఫ్టు మారే వేళ. అది ఆగాక వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టుంది.

"అప్పా."

ఎవరిని పిలుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ గుంపులో అతనికి అప్ప వరస అయ్యేవాళ్ళు ఎవరూ లేరు.

"అప్పా, ఉన్నావా?"

"నిన్నేనమ్మా. పలుకు" అన్నాడు ముసలాయన. తవరు అనలేదు.

"ఉన్నాను" అన్నాను. "ఉన్నాను, తమ్ముడూ. చెప్పు." గారు లేకుండా ఆ మాట అనడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"ఆ డూటీ నాది అప్పా."

బావమరిది పోయిన రోజు సంగతని అర్థమైంది.

"మనూరి నాటకమోలొచ్చినారు. పజ్జాలంటే నాకు పేణం. 'ఎల్లు బావా, ఎల్లి ఇనిరా, నీ డూటీ నాను సేత్తాన్లే' అన్నాడు. నవ్వుతా అన్నాడు. మరి నానెల్లిపోనాను. ముందు బెంచీలో కూకున్నాను. ఒక పజ్జెం ఎంత బాగా పాడినాడనుకున్నావు! నాను లేసి ఒన్స్‌మోరని అరిసినాను అప్పా. గొంతు సించుకుని అరిసినాను. అరుత్తంటేనే ఎవులో ఎనకనుండి బుజమ్మీద సెయ్యేసినారు."

కుర్చీ చెక్క కదిలింది.

"నానిక్కడ ఒన్స్‌మోరంతన్నాను, ఆడక్కడ రెండు పెట్టెల మజ్జిన... ఆ నోరే కదప్పా ఇది. దీన్తో ఇంకేటి మాటాడను?"

నేను వెనక్కి ఆనుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు. నా వీపు కుర్చీ చెక్కకి, ఆ చెక్క అతని చెక్కకి ఆనింది. అతని వణుకంతా నా వెన్నులోకి వచ్చింది. నేను జరగలేదు. కాసేపటికి అతను కూడా ఆనుకున్నాడు. ఆ బరువు నాకు తెలిసింది.

"దానికేటని సెప్పనప్పా? ఆడు దాని సేతుల్లో పెరిగినాడు. నా సేతిలో ఎట్టినాది. దాని మొకమెలాగ సూడను?"

సలహాలు ఇవ్వకూడదని మా పద్ధతి. సలహా ఇవ్వలేదు. నాకు తెలిసిన నిజం ఒకటి ఉంది, అది చెప్పాను. "నీకు తన మీద కోపమని ఆమె అనుకుంటోంది. తనేం తప్పు చేసిందో చెప్పమని రోజూ ఆ మెట్ల మీద కూర్చుని అడుగుతోంది."

"నామీద కాదా? దానికి నామీద కాదా కోపం?"

"ఆమెకి ఇదేమీ తెలీదు."

"ఓలమ్మ!" అన్నాడు. ఆ తరవాత పెద్దగా ఏడ్చాడు. రోలింగ్ మిల్లు అతను ఇటు తిరగబోతే ముసలాయన, "ఒరే, అటే సూడు. ఏడనీ. బావమరిది సచ్చిపోతే ఏడవకుండా ఉంటాడేటి?" అని కసిరాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, "సెప్పీ బావూ. మొకం సూసి సెప్పనక్కర్నేదు. దాన్నీ ఇలగే తిప్పి కూకోబెడతాది మీ అప్ప" అన్నాడు.

మర్నాడు ఆమె వచ్చే వేళకి వరండాలో రెండు కుర్చీలు వీపు వీపు చేర్చి వేశాను. అతన్ని కూర్చోబెట్టాను. ఆమెని తీసుకొచ్చి ఇటు కూర్చోబెట్టి, క్యారియరు ఒళ్ళోంచి తీసుకున్నాను. తరవాత కుళాయి దాకా నడిచి వెళ్ళి అక్కడ నిలబడ్డాను. మాటలు వినబడలేదు. అతని తల వంగి ఉండడం చూశాను. ఆమె ఒక్కసారి కొంగు ముఖానికి అదుముకుని ముందుకి వంగిపోయింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళిపోయినా తప్పుపట్టడానికి లేదు. చివరికి వెనక్కి తిరక్కుండానే ఆమె చెయ్యి కుర్చీ మీంచి వెనక్కి వెళ్ళింది. తడుముకుంటూ వెళ్ళి, అతని చొక్కా కాలరు దొరికితే అది గట్టిగా పట్టుకుంది. అది కొట్టడానికో ఓదార్చడానికో ఆమెకైనా తెలుసో తెలీదో. వదల్లేదు మాత్రం.

రాంచీ మాట మళ్ళీ రాలేదు. కొన్ని వారాలకి అతను ఇంటికి వెళ్ళాడు, తరవాత పనిలోకి. కాసిడీహ్ అమ్మాయిని ఒక రోజు మామగారి వరస ముసలాయనే బిడ్డతో సహా గేటు దాకా సాగనంపాడు. ఆయన మాత్రం తాగుడు మానలేదు. మరో రెండుసార్లు వార్డుకి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ, "ఆనుకుంతన్నావేటమ్మా?" అని అడిగేవాడు.

పిల్లలూ, ఇది చదివి మీ వార్డుల్లో కుర్చీలు తిప్పెయ్యకండి. మా డాక్టరు ఈ సంగతి ఎక్కడో పెద్దవాళ్ళ సభలో చెబితే నవ్వారట. నవ్వడంలో తప్పులేదు. తరవాత వేరే గుంపులతో మేమూ ప్రయత్నించాం, కొన్నిసార్లు కుదరలేదు. ఎదుట ఉన్నవాళ్ళు ఏ చాటున మాట్లాడగలరో ముందు కనిపెట్టండి. కుర్చీల సంగతి తరవాత చూడవచ్చు.

ఎనభైల్లో డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయారు. బుధవారాలు ఆగిపోయాయి. నేను చాలామంది రోగుల్ని చూశాను, చాలామంది నన్ను మేడమ్ అన్నారు. అప్పా అని ఎవరూ అనలేదు. మా తమ్ముడుగారు పోయినట్టు ఎవరి ద్వారానో తెలిసింది. 'అప్పయ్యగారూ' అన్న మాట కూడా అక్కడితో అయిపోయింది.

రిటైరయ్యే ముందు ఒక సాయంత్రం గొడుగు బాగుచేయించడానికి జుగ్సలాయి బజారుకి వెళ్ళాను. దుకాణం ముందు నిలబడి ఉంటే పక్క దుకాణానికి ఆ పాయింట్స్‌మన్ వచ్చాడు. నెరిసిన జుట్టు, భుజాన తువ్వాలు. భార్య ఉంది. బడికి వెళ్ళే వయసు ఆడపిల్ల ఉంది. తోటి రైల్వేవాళ్ళు కూడా ఉన్నారు. అతను నన్ను చూశాడు. భార్యా చూసింది, తల మీదికి కొంగు లాక్కుంది. నేను ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. నియమం నాదే.

నా చూపు నిలిచిపోయినట్టుంది. ఆ పిల్ల తండ్రి చెయ్యి లాగి, నేనెవరని హిందీలో అడిగింది. "పాపా, వో ఆంటీ కౌన్ హై?"

"కోయీ నహీ" అన్నాడు అతను.

ఎవరూ కాదు. సరిగ్గా చెప్పాడు. నేను నేర్పిందే. నిటారుగా నిలబడ్డాను.

అప్పుడు అతను మెల్లగా ఇటు అడుగు వేసి, నా దగ్గరగా వచ్చి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కొనవలసింది కొనడం అయిపోయింది. తోటివాళ్ళు 'చలో' అంటున్నారు. అతను కదలడం లేదు. నేను గొడుగుల దుకాణంవైపు తిరిగాను. మా ఇద్దరి వీపుల మధ్య జానెడు దూరం ఉంటుందేమో. సందులో తోపుడుబళ్ళు, బియ్యం బస్తాలు మోసేవాళ్ళ కేకలు, సైకిలు గంటలు. అతను ఏదైనా అన్నాడో లేదో నాకు తెలీదు. ఆ రొదలో నాకు వినబడలేదు.

"ఉన్నాను, తమ్ముడూ" అన్నాను నేను, గొడుగులవైపు చూస్తూ.